ఆదరించునా, ఓదార్చునా?

కంచరపాలెం: ఒక వచనం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. అమ్మ ఆఖరి రాత్రి పక్క మంచానికి తోడుగా వచ్చిన ఓ పెద్దావిడ, అడక్కుండానే లేచి వచ్చి ప్రార్థన చేసింది. ఆక్సిజన్ చప్పుడులో నాకు వినపడింది ఇది: "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఓదార్చును." అప్పటిదాకా మంచం రాడ్డు పట్టుకునే ఉన్న అమ్మ, చెయ్యి వదిలి నిద్రపోయింది. ఇంటికొచ్చి బైబిలు తీస్తే 23వ కీర్తన, 4వ వచనంలో "ఆదరించును" అని ఉంది. ఓదార్చును అని పాత ప్రతుల్లో ఏమైనా ఉందా? సమాధి రాయి మీద చెక్కించాలి.

సీతమ్మధార: ఆదరించునే. మన ఇళ్ళలో ఎవరైనా పోతే పెట్టేది ఆదరణ కూడిక కదా. మా నాన్నగారప్పుడు ఆ కార్డు చూసి ఎదురింటాయన "సన్మానం ఎవరికండీ" అని అడిగారు. ఆయనకు తెలిసింది ప్రేక్షకాదరణ ఒక్కటే మరి.

భీమిలి మాస్టారు: అంత ఖాయంగా తేల్చేయకండి. హీబ్రూలో ఇక్కడున్న క్రియ నాహమ్. యెషయా 40:1లోనూ అదే, అక్కడ "ఓదార్చుడి ఓదార్చుడి" అన్నారు. 66:13కి వచ్చేసరికి తల్లి "ఆదరించునట్లు" అయింది. ఒకే క్రియకు రెండు మాటలు. నా మటుకు నాకు ఓదార్పు నోటితో చేసేది, ఆదరణ చేత్తో చేసేది. కర్ర ఎక్కడైనా ఓదారుస్తుందా?

కడప అల్లుడు: మా వైపు దుడ్లంటే డబ్బులు. అక్కయ్యపాలెంలో కాపురం పెట్టిన కొత్తలో ఈ వచనం విని డబ్బుల కర్ర ఏమిట్రా అనుకున్నా. మాస్టారూ, ఆదరువు అంటే ఆసరా. కర్ర చేసే పనీ అదే. ఆదరించును అన్నది అందుకే ఇక్కడ అతికింది.

సీతమ్మధార: ఆదరువు ఆధారం నుంచి వచ్చింది, ఆదరం నుంచి కాదు.

కడప అల్లుడు: మరి ధ కింద ఒత్తేదీ?

సీతమ్మధార: భక్తి బత్తి అయినప్పుడు భ ఒత్తు ఎక్కడికి పోయిందో అక్కడికే.

గాజువాక: అసలు తెలుగు బైబిలు పని మన విశాఖలోదే. 1805లో లండన్ మిషన్ వాళ్ళు క్రాన్, డి గ్రాంజి ఇక్కడికొచ్చారు. ఆనందరాయర్ సాయంతో అనువాదం నడిచింది. క్రాన్ 1809లో, డి గ్రాంజి 1810లో పోయారు. 1812లో సీరాంపూర్‌లో అచ్చయిన పుస్తకం ఇద్దరూ చూడలేదు. ఆవిడ చదివింది ఆ పాత అనువాదం మాటేమో!

భీమిలి మాస్టారు: అప్పుడు అచ్చయింది మత్తయి, మార్కు, లూకా. అందులో దావీదు కీర్తన ఎక్కడ దొరుకుతుందండీ?

గాజువాక: ఊరి గొప్ప కాసేపైనా చెప్పుకోనివ్వరు కదా. సరే, మన కవి గుర్రం జాషువా అయితే ఏ మాట వేసేవాడంటారు? శ్మశానవాటి పద్యాలు రాసిన చెయ్యి. బలిజేపల్లి హరిశ్చంద్ర నాటకంలో అవి లేకపోతే కాటిసీను ఒప్పుకునేవారు కాదు జనం. మా పెదనాన్న వన్స్‌మోర్లకు పాడిపాడి తెల్లారేసరికి గొంతు పోగొట్టుకునేవాడు.

సీతమ్మధార: ఆయన 'క్రీస్తు చరిత్ర' కూడా రాశాడు, 1964లో సాహిత్య అకాడమీ వచ్చింది. దాన్ని వదిలేసి ఎప్పుడూ శ్మశానమేనా?

గాజువాక: గొంతెత్తి పాడితే ఏది నిలబడుతుందో చెప్పండి ముందు.

కంచరపాలెం: అయ్యా, రాయి పనాయన రెండోసారి ఫోన్ చేశాడు. అక్షరానికింత అట, ఒత్తులకు విడిగా అట. ఆవిడ అడ్రసన్నా తీసుకోలేదు నేను. టెన్షన్‌గా ఉంది, ఏదో ఒకటి చెప్పండి.

భీమిలి మాస్టారు: ఏది వేసినా సరే నాన్నా, కఱ్ఱలో బండి ఱ మాత్రం వదలకు.

కడప అల్లుడు: బండి ఱకు ఎంతట?