అమ్మ ఒంటరిగా డల్లాస్ వెళ్తోంది, ఇన్సులిన్ వేళలు ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 62 ఏళ్లు. షుగర్ వచ్చి 16 ఏళ్లయింది. 30/70 ఇన్సులిన్ (త్వరగా పనిచేసేదీ, నిదానంగా పనిచేసేదీ కలిపిన మిక్స్) పొద్దున 20 యూనిట్లు, రాత్రి 12 యూనిట్లు వేసుకుంటుంది, మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా ఉంది. వచ్చే నెల చెల్లి పురిటికి డల్లాస్ వెళ్తోంది. తెల్లవారుజామున దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో ఎక్కి దోహాలో విమానం మారాలి, అంతా కలిపి దాదాపు 24 గంటలు. తోడు లేరు. ఇంగ్లీషు రాదు.

నా టెన్షన్‌కి కారణం ఉంది. పోయినేడాది ఇద్దరం ఢిల్లీ వెళ్లాం. ఇంట్లో అలవాటు కదా, భోజనానికి అరగంట ముందే సూది వేసేసుకుంది. ట్రాలీ మా వరుస దాకా రాకముందే విమానం కుదుపుల్లో పడింది, వడ్డన ఆపేశారు. అమ్మ ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది. చూస్తే జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయింది. చేతిలో చాక్లెట్ ఉంది, కానీ వేళ్లు వణికిపోయి కాగితం ఊడదీయలేకపోతోంది. నేనే పళ్లతో చింపి నోట్లో పెట్టాను. మీటర్‌లో షుగర్ 54కి పడిపోయినట్టు చూపించింది. ఈసారి పక్క సీట్లో నేనుండను.

గురువారం డాక్టర్ గారి దగ్గరికి వెళ్తున్నాం. ఏం అడగాలో, ఏం సర్దాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (పెరంబూర్, చెన్నై)

అమ్మా, నాకు 67. ఇన్సులిన్ మొదలుపెట్టి పదకొండేళ్లు, అబ్బాయి దగ్గరికి నాలుగుసార్లు అమెరికా వెళ్లొచ్చాను. ముందుగా మీ అమ్మగారికి ఒక్క సంగతి నూరిపోయండి: పళ్లెం ఎదురుగా వచ్చి, రేకు మూత తీసి, తినేది కళ్లబడ్డాకే సూది. అరగంట లెక్క మన వంటింటికి కుదురుతుంది గానీ విమానంలో వడ్డన ఎప్పుడో మనకేం తెలుసు? ఒక్కరోజు షుగర్ కాస్త ఎక్కువున్నా సర్దుకోవచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు షుగర్ పడిపోతేనే ప్రమాదం. సరిగ్గా తినబోయే ముందు వేసుకునే రకం మిక్స్ ఇన్సులిన్‌లు ఉన్నాయి. వాటికి మారొచ్చా అని డాక్టర్‌ని అడగండి. మారిస్తే ఇప్పుడే మార్చాలి, ప్రయాణం నాటికి ఒంటికి అలవాటు పడాలి.

ఇక వేళలు. పడమరకు పోతుంటే రోజు సాగుతుంది. డల్లాస్ వేసవిలో మనకంటే పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అంటే మీ అమ్మగారికి ఆ రోజు 34, 35 గంటల రోజు. మధ్యలో అదనంగా చిన్న డోసు కావాలా, ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరే కాగితం మీద రాసివ్వాలి, మనం లెక్కలు కట్టకూడదు. దిగేదాకా నేను చేతి గడియారంలో ఇండియా టైమే ఉంచుతాను, కాగితం కూడా ఇండియా టైములోనే రాయించుకుంటాను. తిరుగు ప్రయాణంలో రోజు కుదించుకుపోతుంది, డోసు తగ్గించాల్సి రావొచ్చు. ఆ కాగితం కూడా గురువారమే రాయించండి.

ఇన్సులిన్ మొత్తం చేతిసంచిలోనే ఉండాలి. సూట్‌కేస్ తప్పిపోవచ్చు, కింద సామాన్ల గదిలో చలికి సీసా గడ్డకట్టనూవచ్చు. ఒకసారి గడ్డకట్టింది కరిగాక కూడా పనికిరాదు. ఐస్ ప్యాక్‌కి సీసా నేరుగా ఆనకుండా చేతిగుడ్డ చుట్టండి.

జవాబు (కె.ఆర్. పురం, బెంగళూరు)

మాది మెడికల్ షాపు. అమ్మగారు వాడేది ఇన్సులిన్ పెన్నా, సీసానా? సీసా అయితే ఇది తప్పకుండా చదవండి. మన దగ్గర సీసాలు ఎక్కువగా 40 యూనిట్లవి, అంటే ఒక మిల్లీలీటర్‌లో 40. వాటి సిరంజికి ఎర్ర మూత. అమెరికాలో దొరికేది 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజ మూత. అక్కడ కొన్న ఇన్సులిన్‌ని ఇక్కడి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50. అందుకే ఉండే రోజులకు సరిపడా సీసాలూ సిరంజిలూ ఇక్కడినుంచే, ఇంకొంచెం ఎక్కువగానే పంపండి. అట్టపెట్టెలు పారేయొద్దు. మందు అసలు పేరుతో (కంపెనీ పెట్టిన పేరు కాదు) ప్రిస్క్రిప్షన్, డాక్టర్ లెటర్ ఉంటే సెక్యూరిటీ దగ్గర సూదుల గురించి అడిగినా ఇబ్బంది ఉండదు.

జవాబు (కోడంబాక్కం, చెన్నై)

అక్కా, మా అత్తయ్యని పంపినప్పుడు డయాబెటిక్ మీల్ బుక్ చేశాం. తీరా చూస్తే అందులో చికెన్, ఆవిడ శాకాహారి. కాబట్టి ఫోన్ చేసి కనుక్కోండి, కుదరకపోతే వెజ్ మీల్ చాలు. రెండు చపాతీలు, వేయించిన శనగలు ఎలాగూ సంచిలో పెడతారు కదా. వీల్‌చెయిర్ తప్పకుండా అడగండి. మేం ఇంగ్లీషులో చీటీ రాసి, లామినేషన్ చేయించి మెడలో వేశాం: నాకు షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటాను, చెమటలు పట్టి తడబడుతుంటే వెంటనే తీపి ఇవ్వండి, స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పెట్టకండి, డాక్టర్‌ని పిలవండి. కింద మా ఫోన్ నంబర్లు. ఎక్కగానే ఎయిర్ హోస్టెస్‌కి చూపించమన్నాం.

ప్రశ్న అడిగినవారు (మారతహళ్లి)

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. అమ్మది సీసానే, ఎర్ర మూత సిరంజే! ఈ సంగతి నాకు అసలు తెలియదు. డాక్టర్ గారు పెన్‌కి మార్చారు, తినబోయే ముందు వేసుకునే రకం. వెళ్లడానికి, రావడానికి రెండు కాగితాలూ ఇండియా టైముతో రాసిచ్చారు. షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్ష, ఇంకా తక్కువుంటే మళ్లీ 15 గ్రాములు అన్నారు.

చాక్లెట్లు మానేశాం. గ్లూకోజ్ పొడిని 15 గ్రాముల చొప్పున తూచి, బొటనవేలితో తెరుచుకునే చిన్న డబ్బాల్లో పోశాను. ఒకటి పర్సులో, ఒకటి స్వెటర్ జేబులో. నిన్న రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, ఒంటిచేత్తో తీయమన్నాను. మూడోసారికి తీసింది.