స్ప్రింట్ ముగుస్తోంది కానీ పని ముగియడం లేదు: ముందుగా దేన్ని సరిదిద్దాలి?

ప్రశ్న

మా జట్టులో ఆరుగురు డెవలపర్లు, ఒక టెస్టర్, ఏ పని ముందు చేయాలో నిర్ణయించే ఒక ప్రొడక్ట్ ఓనర్ ఉన్నారు. ఏడాదిన్నరగా స్క్రమ్ పద్ధతిలో, అంటే పనిని రెండు వారాల విడతలుగా (స్ప్రింట్లుగా) విడదీసుకుని పనిచేస్తున్నాం. మొదట్లో నేనూ డెవలపర్‌నే, ఆరు నెలల కిందట, ఈ పద్ధతి సరిగా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టర్ బాధ్యత నాకు అప్పగించారు. ప్లానింగ్, స్టాండప్ (రోజూ జరిగే చిన్న సమావేశం), రివ్యూ, రెట్రో (పనితీరును మేమే సమీక్షించుకునే సమావేశం) అన్నీ క్రమం తప్పకుండా జరుగుతున్నాయి. అయినా ప్రతి స్ప్రింట్ చివరా సుమారు సగం కార్డులు (ఒక్కో పనికి ఒక కార్డు) తరువాతి స్ప్రింట్‌కు జరిగిపోతున్నాయి. నిన్న ఉదయం బోర్డు చూస్తే పద్దెనిమిది కార్డులు మొదలై ఉన్నాయి, వాటిలో ఏడు టెస్టింగ్ గడిలోనే నిలిచిపోయాయి. గత మూడు స్ప్రింట్లలోనూ మేము పూర్తి చేసినవి తొమ్మిదేసి కార్డులే.

పదిహేను నిమిషాల్లో ముగియవలసిన స్టాండప్ నలభై నిమిషాలు సాగుతోంది. ఒక్కొక్కరూ మేనేజర్ గారి వైపు తిరిగి, పాఠం అప్పజెప్పినట్లు నిన్న ఏం చేశారో చెప్పి కూర్చుంటున్నారు. పక్కవారు చెప్పేది ఎవరూ వినడం లేదు. రెట్రోలో 'టెస్టింగ్ ఆలస్యమవుతోంది' అన్న వాక్యాన్ని వరుసగా మూడుసార్లు రాసుకున్నాం. స్ప్రింట్‌ను మూడు వారాలకు పెంచితే ప్రయోజనం ఉంటుందా? లేదా మరేదైనా ముందుగా మార్చాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు

స్ప్రింట్ పొడవు జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు ఇచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది. పది పనిదినాల్లో తొమ్మిది కార్డులు పూర్తవుతున్నాయంటే రోజుకు 0.9 కార్డు అన్నమాట. మొదలై ఉన్నవి పద్దెనిమిది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన క్యూ సూత్రం ప్రకారం, నడుస్తున్న పనుల సగటు సంఖ్యను పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు కాలం వస్తుంది. ఇక్కడ అది ఇరవై పనిదినాలు, అంటే రెండు స్ప్రింట్లు. ఈ స్ప్రింట్‌లో మొదలుపెట్టినది ఈ స్ప్రింట్‌లోనే పూర్తి కాకపోవడానికి ఎవరి బద్ధకమూ కారణం కాదు, లెక్కే అలా ఉంది. వేగం ఇంతే ఉండి, నడుస్తున్న పనులు తొమ్మిదికి తగ్గితే అదే కాలం పది రోజులకు దిగుతుంది.

కాబట్టి టెస్టింగ్ గడికి మూడు కార్డుల పరిమితి పెట్టండి. ఆ గడి నిండి ఉన్నంతసేపు కోడ్ పూర్తి చేసిన డెవలపర్ కొత్త కార్డు తీసుకోకూడదు. టెస్టర్ పక్కన కూర్చుని టెస్ట్ డేటా సిద్ధం చేయవచ్చు, పదే పదే చేతితో చేస్తున్న పరీక్షలను ఆటోమేట్ చేయవచ్చు, మరొకరు రాసిన మార్పును తానే పరీక్షించవచ్చు. తాను రాసినదాన్ని తానే పరీక్షించి సరే అనుకోవడం మాత్రం వద్దు.

స్టాండప్‌లో మనిషి తరువాత మనిషిని అడగడం మానేసి, బోర్డును కుడి నుంచి ఎడమకు చదవండి. పూర్తవడానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కార్డుతో మొదలుపెట్టి, 'ఇది ఈ రోజు బయటికి వెళ్లాలంటే ఏం కావాలి?' అని మాత్రమే అడగండి. ఎడమవైపు చివరి గడి వరకు చేరకపోయినా నష్టం లేదు.

రెండవ జవాబు

పై లెక్కతో నాకు పేచీ లేదు. అయితే మేనేజర్ గారు జట్టును ఏ అంకెతో కొలుస్తున్నారో మీరు చెప్పలేదు. అది స్టోరీ పాయింట్ల వెలాసిటీ (పనుల పరిమాణానికి జట్టు వేసే అంచనా పాయింట్లలో ఒక్కో స్ప్రింట్‌లో పూర్తయిన మొత్తం) అయితే ఈ పరిమితి రెండు వారాలు కూడా నిలవదు. మా పాత కార్యాలయంలో రెండు జట్ల వెలాసిటీని ఒకే స్లైడ్ మీద పక్కపక్కన పెట్టి చూపించారు. ఆ తరువాతి ప్లానింగ్‌లోనే, అంతవరకు మూడు పాయింట్లు వేస్తూ వచ్చిన ఫారం మార్పుకు అందరూ ఐదు వేశారు. ఎవరూ ఎవరితోనూ కూడబలుక్కోలేదు. నెల తిరిగేసరికి గ్రాఫ్ పైకి లేచింది, రిలీజ్ మాత్రం ఎప్పటిలాగే ఆలస్యమైంది.

స్క్రమ్ పద్ధతిని నిర్వచించే పుస్తకం స్క్రమ్ గైడ్ 2020 ప్రతిలో స్టోరీ పాయింట్ల ప్రస్తావన గానీ వెలాసిటీ ప్రస్తావన గానీ లేవు. స్టాండప్‌లో అందరూ వల్లెవేసే ఆ మూడు ప్రశ్నలను (నిన్న ఏం చేశాను, ఈ రోజు ఏం చేస్తాను, అడ్డంకులేమిటి) కూడా ఆ ప్రతిలోనే తీసేశారు. స్ప్రింట్‌కు ఎంచుకున్న పనిని జట్టు ఇచ్చిన మాటగా కాక అంచనాగా చూడాలన్న సవరణ అంతకు ముందే, 2011లో వచ్చింది. మనం పద్ధతి పేరుతో మోస్తున్న బరువులో చాలా భాగం ఆ పుస్తకంలోదే కాదు.

నా సలహా ఏమిటంటే, ముందు మేనేజర్ గారిని స్టాండప్‌కు రావద్దని మర్యాదగా కోరండి. మిగిలినవి ఆ తరువాత చూసుకోవచ్చు.

మూడవ జవాబు

రెండవ జవాబులోని చివరి సలహా ప్రమాదకరమని నా అభిప్రాయం. మేనేజర్ గారికి సమాచారం మరో దారిలో అందడం లేదు గనుకనే స్టాండప్‌కు వస్తున్నారు. ఆ తలుపు మూసేస్తే రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తారు. కార్డు మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఆయన ఎప్పుడంటే అప్పుడు చూసుకునేలా పెట్టండి, రావడం తనంతట తానే తగ్గిస్తారు. నేను ఈ బాధ్యతలో చేరిన కొత్తలో ఆ జవాబులో అన్నట్లే చేసి చేతులు కాల్చుకున్నాను.

ఇక రెట్రో విషయం. మూడుసార్లు రాసుకున్న వాక్యం ఫిర్యాదే కానీ పని కాదు. ఒక్క మార్పును ఎంచుకుని, దానికి ఒక మనిషి పేరు పెట్టి, మిగిలిన పనులతో పాటు బోర్డు మీదే కార్డుగా ఉంచండి.

ప్రశ్న అడిగినవారు, ఆరు వారాల తరువాత

ముగ్గురికీ కృతజ్ఞతలు. పరిమితిని నాలుగవ రోజునే ఉల్లంఘించింది స్వయంగా నేనే. వినియోగదారుల వద్ద ఒక లోపం బయటపడితే కంగారులో నాలుగవ కార్డును టెస్టింగ్‌లోకి నెట్టాను. అప్పటి నుంచి అత్యవసర లోపాల కోసం ఒకే కార్డు పట్టే గడి విడిగా పెట్టుకున్నాం. నడుస్తున్న కార్డులు పదకొండుకు తగ్గాయి, గత స్ప్రింట్‌లో మిగిలిపోయినవి మూడే. స్టాండప్ పన్నెండు, పదమూడు నిమిషాల్లో ముగుస్తోంది. మేనేజర్ గారు వారానికి రెండుసార్లు వచ్చి, ఏమీ అడగకుండా వెనక నిలబడి వింటున్నారు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. మా జట్టులో అందరికన్నా వేగంగా కోడ్ రాసే డెవలపర్, టెస్టింగ్ తన పని కాదని, ఖాళీగా కూర్చోబెడుతున్నామని అలిగారు. ఆయనకు ఏమని చెప్పాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు

చెప్పకండి, అడగండి. టెస్టర్ చేతితో చేస్తున్న పరీక్షల్లో అన్నిటికన్నా విసుగు పుట్టించేది ఏదో కనుక్కుని, దానికి స్క్రిప్ట్ రాసి పెట్టగలరా అని ఆయననే అడగండి. వేగంగా కోడ్ రాసేవారికి అది టెస్టింగ్‌లా కనిపించదు. ఒక స్ప్రింట్ గడిచాక ఆ గడిలో కార్డులు ఎన్ని రోజులు ఉంటున్నాయో కొలిచి, ఆ అంకెను ముందుగా ఆయనకే చూపించండి.