తిమ్మరుసు కళ్ళు తీయించిన కథ: నూనిజ్ మాట ఎంతవరకు నమ్మాలి?

పెన్నాతీరం:
రాయలు తిమ్మరుసు కళ్ళు తీయించాడన్న కథ తెలియని తెలుగువాళ్ళు అరుదు. ఆధారం కోసం వెతికితే ప్రతిసారీ పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ దగ్గరే దారి ఆగిపోతోంది. అదే ఆస్థానాన్ని చూసిన మరో పోర్చుగీసువాడు పేస్ ఈ ముక్క ఎందుకు రాయలేదు? నూనిజ్ చూసి రాశాడా, విని రాశాడా? అతని సైన్యాల లెక్కలు, తేదీలు వాడుకోవచ్చా?

శాసనప్రియ:
పేస్ రాయకపోవడానికి కారణం కాలం. క్రిస్టోవావో ద ఫిగైరెడో అనే పోర్చుగీసువాడి వెంట అతను విజయనగరంలో ఉన్నది 1520 ప్రాంతంలో. అప్పటికి తిమ్మరుసుకు ఎదురు లేదు. రాజుకు అందరికన్నా కావలసిన ముసలాయన అనీ, అంతఃపుర పరివారమంతా ఆయన అదుపాజ్ఞల్లోనే ఉందనీ పేస్ రాశాడు. యువరాజు తిరుమలరాయల పేరు శాసనాల్లో కనబడేది 1524లో. కాబట్టి గొడవంతా ఆ తర్వాతే. నూనిజ్ అక్కడ ఉన్నది 1535-37 ప్రాంతంలో, అచ్యుతరాయల హయాంలో. పదేళ్ళ కిందటి సంగతి ఊళ్ళో విని రాసుకున్నాడు, చూడలేదు.

అతను చెప్పిన వరుస ఇది. రాయలు తాను బతికుండగానే ఆరేళ్ళ కొడుక్కి పట్టం కట్టాడు. ఎనిమిది నెలలు ఉత్సవాలు సాగాయి, ఆ మధ్యలోనే పిల్లవాడు జబ్బుపడి పోయాడు. తిమ్మరుసు కొడుకే విషం పెట్టించాడని రాయలకు తెలిసి, నిండు సభలో నిలదీసి తిమ్మరుసునూ కొడుకులనూ ఖైదు చేయించాడు. మూడేళ్ళు గడిచాక ఒక కొడుకు తప్పించుకుని కొండల్లోని బంధువు కోట చేరి రాజు మీదే కత్తి కట్టాడు. కొత్త మంత్రి వెళ్ళి ఆ కోట ముట్టడించి అతణ్ణి పట్టుకొచ్చాడు. తిమ్మరుసు కళ్ళు తీయించింది అప్పుడు. బ్రాహ్మణులకు మరణశిక్ష వేయరు కాబట్టి ఇలా చేశారని కారణం కూడా రాశాడు.

మన కథల్లో ఖైదు మూడేళ్ళూ, కొడుకు తిరుగుబాటూ ఎగిరిపోయి, విషం వెంటనే శిక్ష వచ్చేస్తుంది. నూనిజ్ ప్రకారం శిక్షకు ముందు జరిగింది తిరుగుబాటు. ఈ తేడా చిన్నది కాదు.

నా అంచనా: పట్టాభిషేకానికి శాసనాల ఊతం ఉంది. ముట్టడి, ఖైదు వందలమంది కళ్ళముందు జరిగే పనులు, పదేళ్ళలో జనం మరిచిపోరు. విషం సంగతి అలాంటిది కాదు. రాయలకు ఎలా తెలిసిందో నూనిజ్ చెప్పలేదు, కాబట్టి అది ఆరోపణ వరకే.

పెన్నాతీరం:
మరి మేక కళ్ళ కథ? అదీ నూనిజ్‌దేనా?

శాసనప్రియ:
అదీ అతనిదే. వీరనరసింహరాయలు చావు పడకమీద ఉండి, ఎనిమిదేళ్ళ కొడుక్కి అడ్డు లేకుండా తమ్ముడి కళ్ళు తీయమంటే, తిమ్మరుసు మేక కళ్ళు చూపించి కృష్ణరాయల్ని కాపాడాడట. ఇది 1509 నాటి మాట, నూనిజ్‌కు పాతికేళ్ళ ముందుది. పైగా ఒక రాజు, ఒక మంత్రి చాటుగా మాట్లాడుకున్న సంగతి. రాయల కళ్ళు కాపాడినవాడి కళ్ళే చివరికి రాయలు తీయించాడన్న పొందిక చూస్తే జనం నోట కథ బాగా సానపట్టిందని అనుమానించాలి. ఈ మేక కళ్ళ కథను నేను చరిత్రగా వాడను.

గుర్రపుడెక్క:
లెక్కల సంగతి నేను చెబుతాను. పేస్, నూనిజ్ రాతలు రెండూ గోవా నుంచి ఒకే కట్టగా పోర్చుగల్ వెళ్ళాయి. ఆ కట్టతో జతచేసి పంపిన ఉత్తరంలో నూనిజ్ మూడేళ్ళు గుర్రాల వ్యాపారం చేశాడనీ, అది గిట్టుబాటు కాలేదనీ ఉంది. అందుకే గుర్రాల దగ్గర అతని మాట గట్టిది. రాయలకు ముందు ఏలిన సాళువ నరసింహుడు బతికినవైనా చచ్చినవైనా మూడు గుర్రాలకు వెయ్యి పర్దావులు (బంగారు నాణేలు) ఇచ్చేవాడనీ, సముద్రంలో చచ్చినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలనీ రాశాడు. బేరగాళ్ళ మధ్య తిరిగేవాడి చెవిన పడే సంగతి ఇది.

అమరనాయకుల (రాజుకు సైన్యం పోషించే షరతుపై భూములు పొందినవారి) పట్టీ కూడా పనికొస్తుంది. సాళువ నాయకుడికి 11 లక్షల పర్దావుల రాబడి, అందులో మూడోవంతు రాజుకు, పోషించాల్సింది 30,000 కాల్బలం, 3,000 గుర్రాలు, 30 ఏనుగులు. ఇలా పేరుపేరునా ఉన్నాయి. రాయచూరు దండయాత్రకు వచ్చేసరికి నాయకులవారీ లెక్కలు కూడితే కాల్బలమే 7 లక్షలు దాటుతుంది. పేస్ 10 లక్షల సైన్యమన్నాడు, 1443లో వచ్చిన హీరాత్ రాయబారి అబ్దుర్ రజాక్ 11 లక్షలన్నాడు. ఇవి ఆస్థానం బయటివాళ్ళకు చెప్పుకున్న అంకెలు. నేనైతే రాజ్యం గొప్ప ఎలా చాటుకున్నారో చెప్పడానికే వాడతాను, అంతమంది కదిలారనడానికి కాదు.

తేదీలతో మరీ జాగ్రత్త. రాయచూరు యుద్ధం 1522 మేలో అని నూనిజ్ రాశాడు. ఆ సమయంలోనే పోర్చుగీసు అధికారి రూయ్ ద మెల్లో గోవా ఎదుటి ప్రధాన భూభాగం ఆక్రమించాడనీ, గవర్నరు సెక్వైరా ఎర్ర సముద్రం వైపు వెళ్ళి ఉన్నాడనీ పోర్చుగీసు చరిత్రకారులు రాశారు. సెక్వైరా ఎర్ర సముద్ర యాత్ర 1520లో. 1522 మే నాటికి అతను గవర్నరే కాదు. అందుకే నూనిజ్ రాతను ఇంగ్లీషులోకి తెచ్చిన రాబర్ట్ సూయల్ 1520 మే 19 అని తేల్చాడు. సూయల్ ఇంగ్లీషు అనువాదం చదివేటప్పుడు అడుగున ఉన్న తేదీలు, పేర్ల గుర్తింపు అతనివి, నూనిజ్‌వి కావు. రెండూ కలిపేసి ‘నూనిజ్ 1520 అన్నాడు’ అని రాసేస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.