సాక్‌లు చూసి పాస్ రషర్‌ని ఎంచుకోవచ్చా? లైన్‌మెన్ సంగతేంటి?

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి):
నమస్తే అండి. డాలస్ వైపు వచ్చాక ఆఫీసు వాళ్లతో కలిసి ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) చూడటం అలవాటైంది. రూల్స్ వరకు అర్థమయ్యాయి. ఈసారి మా ఫాంటసీ లీగ్‌లో డిఫెన్స్ ఆటగాళ్లను కూడా విడివిడిగా తీసుకోవాలట. పాస్ రషర్లకు, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాళ్లకు, సాక్‌ల (విసరకముందే అతన్ని పడగొట్టడం) సంఖ్య ఉంది కదా, అదే చూసి తీసుకుంటానంటే కొలీగ్ నవ్వేశాడు. ఇక ఆఫెన్సివ్ లైన్‌లో నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఆ ఐదుగురికి స్కోర్ షీట్‌లో అంకెలే కనపడవు. టీవీలో చూస్తే అంతా తోపులాటే. ఎవరు బాగా ఆడుతున్నారో ఎలా తెలుసుకోవాలి?

జవాబు:
సాక్‌ల లెక్కలో అబద్ధం లేదు గానీ అది చాలా చిన్న సంఖ్య. ఏడాదికి 10 సాక్‌లు చేస్తే మంచి రషరే, కానీ అదే ఏడాది అతను క్వార్టర్‌బ్యాక్ మీదికి వందల సార్లు దూకి ఉంటాడు. మిగతావాటిలో ఏం జరిగిందో ఆ 10 చెప్పదు. పైగా అన్ని సాక్‌లూ ఒకటి కావు. 2001లో మైకేల్ స్ట్రాహన్ 22.5 సాక్‌లతో రికార్డు కొట్టాడు. ఆ చివరి సాక్‌లో క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ దాదాపు తనంతట తనే కింద పడ్డాడని ఇప్పటికీ గొడవ పడతారు.

జవాబు (కాన్సస్ సిటీ నుంచి):
మా టీమ్ ఉదాహరణే చెప్తాను, మనసుకు కష్టమే అయినా. 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో (ఫైనల్) మా చీఫ్స్ ట్యాకిల్స్ (లైన్ రెండు చివర్లా ఉండేవాళ్లు) ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో బయటే ఉన్నారు. ఆ రోజు మా క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని టాంపా బే చేసిన సాక్‌లు 3. అంతే చూస్తే లైన్ ఫర్వాలేదనిపిస్తుంది. ఈఎస్‌పీఎన్ లెక్కలో మాత్రం అతని మీద 29 సార్లు ప్రెషర్ పడింది. మ్యాచ్ అంతా వెనక్కి పరిగెత్తుతూనే గడిపాడు. 31-9తో ఓడాం, ఒక్క టచ్‌డౌన్ కూడా లేదు. క్రికెట్‌లో స్పెల్ అంతా బ్యాట్ అంచు పక్కనుంచి బంతి పోనిచ్చి ఒక్క వికెట్టూ దక్కని బౌలర్ ఉంటాడు చూడండి, ప్రెషర్ అలాంటిది. అందుకే సాక్‌లతో పాటు హిట్స్ (బంతి వదిలేటప్పుడు తగిలే దెబ్బలు), హర్రీస్ (తొందరపెట్టి విసిరించడం) కూడా కలిసిన ప్రెషర్ లెక్క చూడాలి.

ఇక కళ్లతో చూడటం. బంతిని వదిలేయండి. ఒక ట్యాకిల్‌నీ, అతని ఎదురుగా ఉన్న రషర్‌నీ పట్టుకుని స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) నుంచి రెండున్నర సెకన్లు వాళ్లనే చూడండి. లైన్‌మన్ చేతుల కంటే ముందు అతని కాళ్లు చూడాలి. మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి పక్కకు జరుగుతూ రషర్‌కి ఎదురుగానే ఉంటే బాగా ఆడుతున్నట్టు. నడుము దగ్గర వంగి ముందుకు తూలుతున్నాడంటే ఏ క్షణమైనా ఓడిపోతాడు. బుల్ రష్‌కి (బలంతో నేరుగా తోసుకురావడం) వెనక్కి జరిగి జరిగి క్వార్టర్‌బ్యాక్ కాళ్ల మీద పడ్డాడా, అక్కడ సాక్ లేకపోయినా ఆ స్నాప్ అతను ఓడినట్టే. రషర్ విషయంలో మొదటి ఎత్తు ఆగిపోయాక రెండోది ఉందా అన్నది చూస్తాను నేను. వేగం ఒక్కటే ఉన్నవాళ్లు మంచి ట్యాకిల్ ముందు మాయమైపోతారు.

ఎవరికి ఎంత సాయం దొరుకుతోందో కూడా గమనించండి. టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి బంతి కూడా పట్టేవాడు) దారిలో రషర్‌ని ఒక గుద్దు గుద్ది వెళ్తే ఆ ట్యాకిల్ పని సగం తగ్గింది. అదే 2024లో రిటైరైన రషర్ ఆరన్ డొనాల్డ్ లాంటి వాడి మీదికి ఇద్దరు వస్తే, పక్కవాడికి ఒంటరి పోటీ దొరికింది. పక్కవాడి సాక్‌లో డొనాల్డ్ వాటా ఏ పట్టికలోనూ ఉండేది కాదు.

టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి ఎండ్ జోన్ (మైదానం చివర) వైపు నుంచి చూపే రీప్లే వదలొద్దు. ఎన్ఎఫ్ఎల్ ప్లస్ ప్రీమియంలో కోచ్‌లు చూసే ఫుటేజీ కూడా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
భలే చెప్పారండి. కానీ ప్రతి మ్యాచ్ ఇలా చూసే టైమ్ నాకెక్కడిది? నమ్మదగిన అంకెలు లేవా?

జవాబు (కాన్సస్ సిటీ నుంచి):
రెండున్నాయి. ఒకటి ఈఎస్‌పీఎన్ వారి విన్ రేట్. ఆటగాళ్ల భుజాల ప్యాడ్స్‌లోని చిప్‌ల ఆధారంగా, రెండున్నర సెకన్లలోపు రషర్ గెలిచాడా, బ్లాకర్ నిలిపాడా అని లెక్కిస్తారు. రెండోది పీఎఫ్ఎఫ్ (ప్రో ఫుట్‌బాల్ ఫోకస్) అనే విశ్లేషణ సంస్థ. అక్కడ మనుషులే ఫుటేజీ చూసి ప్రతి ప్లేకీ మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు మార్కులు వేస్తారు. చిక్కేంటంటే, ఒక రషర్ అడ్డే లేకుండా దూసుకొచ్చాడనుకోండి, అతన్ని ఆపాల్సింది గార్డా, సెంటరా (లైన్ మధ్యలో ఉండేవాళ్లు), రన్నింగ్ బ్యాకా (బంతితో పరిగెత్తేవాడు) అన్నది ఆ టీమ్‌కే తెలుసు, మార్కులు వేసేవాళ్లది ఊహే. రెండూ ఒకే మాట చెప్తే నమ్మేయండి, తేడా వస్తే అప్పుడు వీడియో చూడండి.

ఇంకొకరు:
క్వార్టర్‌బ్యాక్‌ని మర్చిపోయారు అన్నా! సాక్‌లలో సగం వాళ్ల పుణ్యమే అంటాను నేను. పేటన్ మ్యానింగ్ బంతి త్వరగా వదిలేసేవాడు, కెరీర్ పొడుగునా సాక్‌లు తక్కువే. అదే లైన్ వెనక బంతి పట్టుకుని నిలబడే కుర్రాణ్ణి పెడితే లైన్‌ని తిడతారు. కవరేజ్ (బంతి పట్టే రిసీవర్లను కాపు కాయడం) కూడా అంతే. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఈగల్స్ చీఫ్స్ మీద ఒక్క బ్లిట్జ్ (అదనపు రషర్లను పంపడం) కూడా లేకుండా 6 సాక్‌లు చేశారు. ముందున్న నలుగురే సరిపోయారు, వెనకున్న ఏడుగురు డిఫెండర్లూ రిసీవర్లను వదల్లేదు.

ప్రశ్న అడిగినవారు:
సరే, మా లీగ్‌లో పాయింట్లు సాక్‌లకే. ఎవర్ని తీసుకోమంటారు?

జవాబు (కాన్సస్ సిటీ నుంచి):
పోయినేడాది ప్రెషర్‌లు ఎక్కువ, సాక్‌లు తక్కువ ఉన్నవాణ్ణి. ధర తక్కువకే వస్తాడు, సాక్‌లు తర్వాత పెరిగే అవకాశం ఎక్కువ. ప్రెషర్‌లు తక్కువ ఉండి సాక్‌లు మాత్రం బోలెడు ఉన్నవాడి జోలికి పోవద్దు. సీజన్ మొదలయ్యాక ప్రతి వారం ఎదుటి టీమ్ గాయాల జాబితా చూడండి. ఆటకు 90 నిమిషాల ముందు ఎవరు ఆడట్లేదో ఖాయంగా తెలుస్తుంది. ట్యాకిల్ లేకపోతే అతనికి ఎదురుపడే రషర్‌ని ఆడించండి. గార్డ్‌ని జరిపి ట్యాకిల్‌గా పెట్టారంటే మరీ మంచిది, అక్కడ రెండు స్థానాలు బలహీనపడతాయి. ఆ ఈగల్స్ మ్యాచ్‌లో మావాళ్లు గార్డ్ జో థూనీని లెఫ్ట్ ట్యాకిల్‌గా ఆడించారు మరి.