పొలంలో కరెంట్ షాక్ కేసు: మోటారు దగ్గర పడి ఉన్న మనిషిని ఎప్పుడు ముట్టుకోవచ్చు?

కొత్త ఈఎంటీ:
ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర వైద్యం చేసే టెక్నీషియన్) ట్రైనింగ్ అయిపోయింది, వచ్చే నెల నుంచి 108 బండి మీద డ్యూటీ. సీన్ సేఫ్టీ చూసుకుని పేషెంట్ దగ్గరికి వెళ్లాలని క్లాసులో ఒక్క ముక్కలో తేల్చేశారు. మా మండలంలో ఎటు చూసినా బోరు మోటార్లే. స్టార్టర్ డబ్బా కిందో, తెగిన తీగ పక్కనో మనిషి పడి ఉంటే, చుట్టూ చేరినవాళ్లు "కరెంటు తీసేశాం, పట్టండి సార్" అంటారు. ఆ మాట మీద వెళ్లొచ్చా? మడిలో నీళ్లుంటే ఎక్కడ ఆగాలి? ఎండు కర్రతో తీగ తోసేయొచ్చని అందరూ అంటారు, ఎంతవరకు నిజం? మనిషి చేతికొచ్చాక ముందు చూడాల్సింది ఏంటి?

రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్:
కరెంటు సంగతి నేను చెప్తా, వైద్యం తెలిసినవాళ్లు మిగతాది చెప్తారు.

"తీసేశాం" అంటే ఏం తీశారో అడుగు బాబూ. స్టార్టర్ ఆపితే మోటారు ఆగుతుంది, అంతే. స్టార్టర్ దాకా వచ్చే తీగల్లో కరెంటు అలాగే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పీకితే ఒక ఫేజే పోతుంది, మిగతా రెండూ బతికే ఉంటాయి. మోటారు లైన్లో ఉంటే దాని వైండింగు గుండా ఆ మూడో తీగలోకీ కరెంటు తిరిగొస్తుంది. ఏబీ స్విచ్ (స్తంభం మీద లైను విడదీసే స్విచ్) దించామన్నారా, తల ఎత్తి చూడు: మూడు బ్లేడ్లూ విడివిడిగా కనిపించాలి. తుప్పు పట్టిన స్విచ్‌లో రెండు విడిపోయి ఒకటి అతుక్కునే ఉంటుంది, హ్యాండిల్ మాత్రం కిందికి దిగిపోతుంది.

11 కేవీ (11 వేల వోల్టుల) తీగ తెగితే లెక్క వేరు. ఎండు నేల మీద పడ్డ తీగకు ఒక్కోసారి ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) ట్రిప్పే అవదు, అంటే దానంతటదే ఆగదు. మెరుపూ ఉండదు, చప్పుడూ ఉండదు, చచ్చిన పాములా పడి ఉంటుంది. ట్రిప్ అయినా, సబ్‌స్టేషన్ ఆపరేటరుకు మీ గొడవ తెలియదు కదా, కాసేపాగి టెస్ట్ ఛార్జ్ చేస్తాడు, అంటే లైనుకు మళ్లీ కరెంటు ఇచ్చి చూస్తాడు. అందుకని ఫలానా ఫీడరు ఆఫ్ చేశాం, ఎల్‌సీ (లైన్ క్లియర్, మళ్లీ చెప్పేదాకా కరెంటు వదలరన్న హామీ) ఉంది అని లైన్‌మన్ నోటో, సబ్‌స్టేషన్ నుంచో వినాలి. ఊరివాళ్ల దగ్గర లైన్‌మన్ నంబరు ఉంటుంది, లేకపోతే 1912. ఆ ఫోను బండి దారిలో ఉండగానే చేయాలి.

ఎండు కర్ర 230 వోల్టుల ఇంటి వైరుకైతే, అదీ లోపలిదాకా ఎండి ఉంటే, పనికొస్తుంది. 11 కేవీ ముందు కర్ర, రబ్బరు చెప్పులు, మీ నైట్రైల్ గ్లవ్స్ అన్నీ ఒకటే. తెగిన తీగకు 10 మీటర్లు ఇవతల ఆగు, తడి మడి అయితే ఇంకా వెనక్కి. అరికాళ్లు జివ్వుమన్నాయా, అడుగు చాపకు. చాపితే ఒక పాదం దగ్గర ఒక వోల్టేజీ, రెండో పాదం దగ్గర ఇంకో వోల్టేజీ, ఆ తేడాకు కరెంటు కాళ్లలోంచి పోతుంది. రెండు పాదాలూ ఆనించి, నేల మీంచి లేపకుండా, ఈడ్చుకుంటూ వెనక్కి రావాలి.

నైట్ పైలట్ (108 డ్రైవరు):
ఒకటి వదిలేశారు సార్: కంచె. అడవి పందుల కోసం బైండింగ్ వైరు చుట్టి, లైను మీద కొక్కెం వేసి కరెంటు పెడతారు. మోకాలి కన్నా కిందే ఉంటుంది, రాత్రిపూట కనపడదు. పెట్టినవాడు కేసవుతుందని నోరు మెదపడు. "కంచె ఉందా" అంటే లేదనే అంటారు, "ఏ గట్టు మీదుగా రావాలి" అని అడగండి. వాళ్లనే ముందు నడవమంటే ఎక్కడ తొక్కరో తెలిసిపోతుంది. టార్చి ముఖాల మీద కాదు, నేల మీద వేసుకుంటూ నడవాలి.

ఈఎంటీ ట్రైనర్:
దిగగానే తలలు లెక్కపెట్టండి. లాగబోయిన కొడుకో తమ్ముడో గట్టవతల పడి ఉండొచ్చు. బావి ఉంటే లోపలికీ లైటు వేయండి. ఇద్దరున్నారంటే రెండో బండి అప్పుడే అడగాలి.

లైను ఆఫ్ అని ఖాయమయ్యాక, గాయం వైపు చూడకండి. మచ్చ రూపాయి బిళ్లంతే ఉంటుంది గానీ కళ్లు దాని మీదికే పోతాయి. భుజం తట్టి పిలవండి. పలకకపోతే మెడ దగ్గర పల్స్, ఛాతీ కదలిక రెండూ ఒకేసారి చూడాలి, 10 సెకన్లు దాటొద్దు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: నోరు తెరిచి ఉండుండి ఎగబీలుస్తుంటే ఊపిరాడుతోందని ఆగిపోతారు. గుండె ఆగినా కొన్ని నిమిషాలు అలా ఎగబీలుస్తారు, దాన్ని ఊపిరిగా లెక్కేయకండి.

పల్స్ లేకపోతే ముందు మడిలోంచి గట్టు మీదికి చేర్చండి. బురదలో నొక్కితే వీపు కిందికి దిగుతుంది తప్ప ఛాతీ నొక్కుకోదు. ఛాతీని నిమిషానికి 100–120 సార్లు నొక్కాలి, లోతు 5–6 సెంటీమీటర్లు, 30 నొక్కులకు 2 ఊపిరులు. ఛాతీ తువ్వాలుతో తుడిచి ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ప్యాడ్లు వేయండి: కుడి కాలర్ ఎముక కింద ఒకటి, ఎడమ చంక కింద పక్కటెముకల మీద ఒకటి. మోటారు కరెంటు తగిలిన గుండె ఎక్కువగా ఫిబ్రిలేషన్‌లో (లయ తప్పి ఊరికే వణకడం) ఉంటుంది, షాక్ ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

పల్స్ ఉండి ఊపిరి లేకపోవడమూ ఈ కేసుల్లో ఉంటుంది, ఊపిరి కండరాలు కాసేపు చచ్చుబడతాయి. అంబు బ్యాగుతో (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) 6 సెకన్లకొకటి ఇస్తూ 2 నిమిషాలకోసారి పల్స్ చూడండి. విసిరేసినట్టు పడ్డా, స్తంభం మీంచి పడ్డా మెడ వెనక్కి వంచకుండా దవడ ముందుకు తోయాలి, ఆ తర్వాత మెడకు కాలర్, రెండుగా విడదీసి ఒంటి కిందికి దూర్చే స్కూప్ స్ట్రెచర్.

ఊపిరి, పల్స్ కుదురుకున్నాకే తల నుంచి కాలిదాకా. కరెంటు లోపలికి పోయిన చోటు ఎక్కువగా అరచేయి, బయటికొచ్చిన చోటు పాదం. రెండూ వెతకండి, చర్మం కన్నా లోపలి కండ ఎక్కువ కాలి ఉంటుంది. ఉంగరాలు, కడియం, మట్టెలు వాపు రాకముందే తీసేయండి. చేయి కదపలేకపోతుంటే భుజం వెనక్కి జారిందేమో చూడండి. మూత్రం కషాయం రంగులో ఉంటే ఈఆర్‌సీపీ (108 కాల్ సెంటర్ నుంచి ఫోన్లో సలహా ఇచ్చే) డాక్టరుకు తప్పక చెప్పాలి, కండ కరిగి కిడ్నీలకు చేరుతోందన్నమాట. పల్స్ ఆక్సీమీటర్ కాలని చేతికే పెట్టండి. బీపీ, షుగరు, జీసీఎస్ (స్పృహ స్కోరు) రాసుకుని 5 నిమిషాలకోసారి మళ్లీ చూడాలి.

లేచి కూర్చుని "నాకేం కాలేదు, ఇంటికి పోతా" అంటాడు చూశారూ, ఆయన్ని కూడా ఎక్కించండి. స్పృహ తప్పినా, గుండె దడగా ఉందన్నా, 11 కేవీ అయినా ఈసీజీ తీయకుండా వదలకూడదు.

కొత్త ఈఎంటీ:
చాలా థాంక్స్ అందరికీ. ఇంకో రెండు. పిడుగు కేసులోనూ ఇంతేనా? ఆటో స్టార్టర్ ఉంటే ఏం చేయాలి?

ఈఎంటీ ట్రైనర్:
పిడుగు పడ్డ మనిషి ఒంట్లో కరెంటు నిలవ ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. ఉరుములు ఆగకపోతే ముందు చెట్టు కింది నుంచి తప్పించండి. నలుగురు పడి ఉంటే మామూలు ట్రయేజికి (ఎవరిని ముందు చూడాలో తేల్చడం) తిరగేసి: ఊపిరి లేనివాడి దగ్గరికే మొదట. మూలుగుతున్నవాళ్లు ఎక్కువగా బతుకుతారు.

రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్:
ఆటో స్టార్టర్ అయితే కరెంటు పోయిందని నమ్మొద్దు, వచ్చిన క్షణాన మోటారు దానంతటదే తిరుగుతుంది. లైన్‌మన్ చేత మూడు ఫ్యూజు క్యారియర్లూ పీకించి మీ పైలట్ జేబులో వేసుకోమను. డబ్బా మీద పెట్టారో, ఎవరో ఒకరు మళ్లీ గుచ్చేస్తారు.