నాన్నగారికి ఎలా నచ్చజెప్పాలి?

మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారికి వాట్సాప్‌లో ఒక నాయకుడి వీడియో వచ్చింది. 'ప', 'మ' పలికేటప్పుడు కూడా పెదాలు కలవడం లేదు, ఏఐతో చేసిందే అనిపిస్తోంది. ఆయన మాత్రం నిజమేనంటారు. దాని మీద మాటామాటా పెరిగి, 30 ఏళ్లుగా రోజూ కలిసి టీ తాగే స్నేహితుడితో మాట్లాడటం మానేశారు. నాకు ఎక్కువ బాధ అదే.

ఇప్పుడేమో "మిషన్లో ఓటు మారిపోతుంది, ఈసారి వెయ్యను" అంటున్నారు. వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో కాగితం మీద చూపే యంత్రం) స్లిప్పు 7 సెకన్లు కనిపిస్తుందని, అసెంబ్లీ నియోజకవర్గానికి 5 వీవీప్యాట్‌ల స్లిప్పులు లెక్కపెడతారని చెప్పినా వినరు.

పీఐబీ (కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం) ఫ్యాక్ట్‌చెక్ చూసేది కేంద్ర ప్రభుత్వ విషయాలే. ఇలాంటి తెలుగు వీడియోల నిజానిజాలు ఎక్కడ అడగాలి? పెద్దాయన్ని చిన్నబుచ్చకుండా ఎలా చెప్పాలి? మీ ఇంట్లో ఇలా జరిగుంటే దయచేసి చెప్పండి.