ముద్రణ చిత్రాల సేకర్త వదిలి వెళ్లిన కాగితాలు: ఏవి ఉంచాలి, ఎలా ఉంచాలి?

ప్రశ్న (కాకినాడ నుంచి)

మా పెద్దనాన్నగారు కళాశాల అధ్యాపకులుగా పనిచేస్తూ, జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో దాదాపు జీవితమంతా ఎచింగులు (లోహపు పలకను ఆమ్లంతో తొలిచి తీసే అచ్చులు), లితోగ్రాఫులు (రాతి పలక మీద గీసి తీసే అచ్చులు), చెక్క అచ్చు చిత్రాలు కొన్నారు. వారి తండ్రిగారి కాలం నాటి రవివర్మ ప్రెస్ ఓలియోగ్రాఫులు (తైలవర్ణ చిత్రాల్లా కనిపించే రంగుల అచ్చులు) కూడా కొన్ని ఆ సేకరణలో ఉన్నాయి. ఇటీవల ఆయన కాలం చేశారు. చిత్రాలను అమ్మకూడదని ఇంట్లో అందరం ఒక మాట అనుకున్నాం కాని, రెండు ఇనుప ట్రంకు పెట్టెల నిండా ఉన్న కాగితాల సంగతే తేలడం లేదు. గ్యాలరీల రసీదులు, చిత్రకారులు రాసిన పోస్టుకార్డులు, ఇన్‌లాండ్ ఉత్తరాలు, ప్రదర్శనల ఆహ్వానపత్రాలు, ఫ్రేములు కట్టినవారి బిల్లులు, ఆయన స్వదస్తూరీతో రాసుకున్న పొడవాటి ఖాతా పుస్తకాలు అందులో ఉన్నాయి. ఖాతాలో ఒక పేజీ తీస్తే ఎడమవైపు చిత్రం పేరు, ఎడిషన్ సంఖ్య (ఒకే పలక నుంచి తీసిన ప్రతుల్లో అది ఎన్నోదో), ధర ఉంటాయి. కుడివైపు ‘రెండు వాయిదాలు, రెండోది సంక్రాంతి తర్వాత’ అని ఉంటుంది. దాని కిందనే ఆ నెల పాలవాడి లెక్క ఉంటుంది.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య, ముఖ్యమైన ఉత్తరాలు ఏరి లామినేషన్ చేయించి, మిగతావి తీసేసి, చిత్రాలతో పాటు తాను తీసుకెళ్తానంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఇందులో అనుభవం ఉన్న పెద్దలు సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు (పాత కాగితాల సంరక్షణలో పనిచేసినవారు)

ముందుగా లామినేషన్ మాట పూర్తిగా పక్కన పెట్టండి. వేడితో కరిగి కాగితానికి అతుక్కుపోయిన ప్లాస్టిక్‌ను తర్వాత కాగితం చెడకుండా విడదీయడం దాదాపు అసాధ్యం. ఆ ప్లాస్టిక్ పసుపుబారే కొద్దీ లోపలి రాత కూడా చెడుతుంది. సెల్లోటేపు అంటించడం కూడా వద్దు.

రెండో సంగతి, ఏరడం. ‘ముఖ్యమైనవి’ అని పేరున్న చిత్రకారుల ఉత్తరాలను పక్కకు తీస్తే, మిగిలిన రసీదులూ బిల్లులూ అనాథలైపోతాయి. పెద్దనాన్నగారు ఏ కవరులో దేన్ని దేనితో కలిపి పెట్టారో ఆ వరసే ఒక సాక్ష్యం. ఒక ఉత్తరం, ఒక రసీదు, ఒక ఫ్రేము బిల్లు ఒకే కవరులో ఉన్నాయంటే ఆ మూడూ ఒకే చిత్రానికి చెందినవై ఉండవచ్చు. విడదీశాక ఆ సంగతి చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు. అందుచేత పెట్టె తెరిచినప్పుడు ఉన్నది ఉన్నట్టుగా ఫోటోలు తీసి, ఒక్కొక్క కవరుకూ మెత్తని పెన్సిలుతో మాత్రమే సంఖ్య వేసి, అదే వరసలో ఆమ్లరహిత కాగితపు ఫోల్డర్లలోకి మార్చండి. పాలవాడి లెక్క ఉన్న పేజీని మాత్రం దయచేసి చింపకండి. ఒక అధ్యాపకుడు తన జీతంలో ఎచింగు కొనడానికి ఏం సర్దుకున్నాడో మరే పత్రమూ అంత సూటిగా చెప్పదు, నా దృష్టిలో ఆ పెట్టెల్లో అత్యంత విలువైన కాగితం అదే.

అమెరికాలో సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థకు ఛైర్మన్‌గా పనిచేసిన లెసింగ్ రోజెన్‌వాల్డ్ ఉదంతం మీకు పనికివస్తుంది. ఆయన తన ముద్రణ చిత్రాలను 1943లో వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి రాసిచ్చారు. తర్వాతి దశాబ్దాల్లో చేర్చినవాటితో కలిపి అవి దాదాపు 22,000 అయ్యాయి. అరుదైన పుస్తకాలు మాత్రం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు వెళ్లాయి, ఆయన వ్యక్తిగత పత్రాలు కూడా అక్కడే ఉన్నాయి. అంటే చిత్రాలు ఒక సంస్థలో, ఉత్తరాలు మరొక సంస్థలో ఉండడం తప్పు కాదు. అయితే ఏ కాగితం ఏ చిత్రానిదో తెలిపే జాబితా విడిపోకముందే తయారై ఉండాలి. మీ ఇంట్లో ఇంకా అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి కాబట్టి, ఆ పని చేయగలిగిన సమయం ఇదే.

కాకినాడ గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో ఇనుప పెట్టె లోపల చెమ్మ పడుతుంది. గుండుసూదులు, పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి కాబట్టి మొదట వాటిని నెమ్మదిగా తీసేయించండి.

రెండో జవాబు (ముద్రణ కళ బోధించేవారు)

పై సలహాతో ఏకీభవిస్తూ, ఆ జాబితా కోసం కాగితాలను చిత్రాలతో ఎలా జతపరచాలో చెబుతాను. చిత్రం కింది అంచులో పెన్సిలుతో 12/50 వంటి భిన్నం ఉంటుంది. యాభై ప్రతుల్లో ఇది పన్నెండోదని అర్థం. ‘ఏ/పి’ అని ఉంటే అది చిత్రకారుడు తన కోసం ఉంచుకున్న ప్రతి. ఖాతాలోని ఎడిషన్ సంఖ్యను, చిత్రంపైని భిన్నాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు జత కుదురుతుంది. ఆ తర్వాత చిత్రం వెనుక వైపు కూడా చూడండి. సేకర్తలు చిన్న ముద్రో పొడి అక్షరాలో వేసుకునే అలవాటు పాతది. డచ్ పండితుడు ఫ్రిట్స్ లుగ్ట్ అలాంటి ముద్రలను గుర్తించి 1921లోనే ఒక పెద్ద గ్రంథం వెలువరించారు.

మన చిత్తూరు ప్రాంతంలో పుట్టి పారిస్‌లోని ఆటెలియే 17 అనే ముద్రణ కళాశాలలో పనిచేసిన కృష్ణారెడ్డి గారి చిత్రాలు మీ సేకరణలో ఉంటే, ఉత్తరాలను మరింత శ్రద్ధగా చదవండి. వారి పద్ధతిలో, లోతులు వేరువేరుగా చెక్కిన ఒకే లోహపు పలక మీద, నూనె పాళ్లు మార్చి చిక్కదనం తేడా చేసిన రంగులను గట్టి రోలరుతో ఒకటి, మెత్తని రోలరుతో ఒకటి ఎక్కించి, అన్నింటినీ ఒకేసారి అచ్చుతీస్తారు. అందువల్ల ఒకే ఎడిషన్‌లో కూడా ప్రతికీ ప్రతికీ రంగుల్లో తేడా ఉండవచ్చు. ఫలానా ప్రతినే పంపుతున్నానని చిత్రకారుడు రాసిన రెండు వాక్యాల పోస్టుకార్డు ఉంటే, ఆ చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి అంతకు మించిన ఆధారం దొరకదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. విదేశాలకు తీసుకెళ్లడం గురించీ, ఉత్తరాలను ప్రచురించడం గురించీ కూడా ఎవరైనా చెప్పగలరా?

మూడో జవాబు (న్యాయవాది)

వందేళ్లు నిండిన కళాఖండాలు 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని వ్యక్తులు దేశం దాటించకూడదు. రవివర్మ ప్రెస్ 1894లో మొదలైంది కాబట్టి మీ తాతగారి నాటి ఓలియోగ్రాఫుల్లో కొన్నింటికి ఆ వయసు వచ్చే ఉంటుంది. పురావస్తు శాఖను సంప్రదించకుండా వాటిని సామాన్లలో సర్దవద్దని మీ అన్నయ్యగారికి గట్టిగా చెప్పండి.

ఉత్తరాల విషయంలో కాగితం మీ కుటుంబానిదే అయినా, అందులోని రాతపై హక్కు రాసినవారిది, వారి తర్వాత వారసులది. దాచుకోవచ్చు, గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. అచ్చువేయాలంటే మాత్రం వారి అనుమతి తీసుకోవాలి. ఏదైనా సంస్థకు ఇచ్చేటప్పుడు దానపత్రంలో ఈ తేడాను స్పష్టంగా రాయించండి, పై మిత్రులు చెప్పిన జాబితాను దానికి అనుబంధంగా జతచేయించండి. మీ అన్నయ్యగారి కోసం అన్నింటినీ స్కాన్ చేసి ఒక ప్రతి ఇస్తే సరిపోతుంది. బరోడా చిత్రకారుడు జ్యోతి భట్ గారి సొంత సేకరణను హాంకాంగ్‌లోని ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ అనే కళా పత్రాల భాండాగారం ఈ విధంగానే స్కాన్ చేసి అంతర్జాలంలో పెట్టింది; మీ పని మొదలుపెట్టే ముందు అక్కడి వర్గీకరణను ఒకసారి చూడండి.